చివరిగా సేవ్ చేసినవారు

కొత్త కంప్యూటర్లు వచ్చిన రోజు వాటికి మా పాత పెట్టె కనపడలేదు. ఆ వేసవిలో మా ఇంట్లో జరిగినదంతా అక్కణ్ణుంచే మొదలైంది గానీ, ఆ సంగతి ఆ రోజు మాలో ఎవరికీ తెలియదు.

మాది బడిపిల్లల యూనిఫారాలు కుట్టే కార్ఖానా. కింద కార్ఖానా, పైన ఇల్లు. మామయ్య పాతకాలపు ప్యాట్రన్ మాస్టరు. అట్ట మీద ఆయన గీసిన గీతని మళ్ళీ చెరపాల్సిన పని ఉండేది కాదని ఆయన చేతికింద పనిచేసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్ళేసరికి అట్టలన్నీ అటకెక్కి, ప్యాట్రన్లు గీసే పని కంప్యూటర్లలోకి వచ్చేసింది. చొక్కాకి ముందు భాగం, వెనక భాగం, చంక రౌండు మా తోడికోడలు చూసేది. ఆవిణ్ణి నేను అక్కా అనే పిలుస్తాను. కాలరు, చేతుల పట్టీలు, జేబులు నావి. ఒక బడి చొక్కా అంటే ఒకటే ఫైలు. ముక్కలన్నీ, సైజులన్నీ అందులోనే ఉంటాయి. బావగారు ఆర్డర్లు తెచ్చేవారు, సరుకు పంపేవారు. గుడ్డ కోసే మిషనూ, కంప్యూటర్లూ మా ఆయన బాధ్యత.

ఆ ఫైళ్ళన్నిటికీ ఇల్లు, మెట్లకింద ఉండే పాత పెట్టె. సర్వరు అనాలి దాన్ని. మేం మాత్రం పెట్టె అనే అనేవాళ్ళం. గుడ్డ కోసే మిషను ఆ పెట్టె చెబితేనే వింటుంది, ఇంకెవరు చెప్పినా ఉలకదు, పలకదు. ఆ మిషను తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. అందుకే కంప్యూటర్లు మార్చేటప్పుడు కూడా పెట్టె జోలికి ఎవరూ పోలేదు.

కంప్యూటర్లు అమర్చడానికి వచ్చిన మెకానిక్ పొద్దుటనగా కూర్చుని మధ్యాహ్నం దాకా చెమటలు కక్కాడు.

"ఇదేం పెట్టె సార్! దీనికి కొత్త భాష రాదు" అన్నాడు మా ఆయనతో.

"మొన్నటిదాకా బాగానే పలికేదిగా?"

"మొన్నటిదాకా మీ కంప్యూటర్లు కూడా దీని ఈడువేగా సార్. ఈడూ జోడూ కుదిరింది. ఇవి అడిగే పద్ధతే వేరు."

తర్వాత కొత్త కంప్యూటర్లని పాత పద్ధతిలో అడిగేట్టు మార్చాడు. ఫైళ్ళ పేర్లు కనిపించాయి. అక్క చప్పట్లు కొట్టింది. కానీ ఒక ఫైలు తెరవబోయేసరికి తెర బిగుసుకుపోయింది. మళ్ళీ మొదలుపెట్టాడు. అటు బావగారు గడియారం చూసుకుంటూ పచార్లు చేస్తున్నారు. బడులు తెరిచేలోగా చేతినిండా పని. ఒక్క రోజు ఆగినా గుండెల్లో రాయి పడ్డట్టే.

"ఇంకేం వద్దయ్యా బాబూ! ఫైలు తెరుచుకుంటే చాలు, మా పని మేం చేసుకుంటాం" అన్నారు బావగారు ఆఖరికి.

మెకానిక్ ఎవరికో ఫోన్ చేసి, విని, రెండు కంప్యూటర్లలోనూ ఏదో కొట్టాడు. ఈసారి ఫైలు ఇలా నొక్కగానే అలా తెరుచుకుంది.

"ఏం చేశావేంటి?" అని మామయ్య అడిగారు.

"ఏం లేదు పెద్దాయనా. చిన్న మాట ఒకటి కలిపా."

ఆ మాటేమిటని ఎవరమూ అడగలేదు. అక్క అందరికీ టీ తెచ్చింది. మెకానిక్ పాత కంప్యూటర్లని వ్యానులో వేసుకుని వెళ్ళిపోయాడు.

పాతవాటిలో మాకొక తంతు ఉండేది. అక్క ఒక ఫైలు తెరిచి ఉంటే, నేను అదే ఫైలు తెరవబోతే, 'ఈ ఫైలు వేరొకరి దగ్గర ఉంది' అని తెర మీద పడేది. అప్పుడు నేను, "అక్కా, బయటికి రావా!" అని గదికి ఈ చివర్నుంచి అరిచేదాన్ని. "వస్తున్నానే, తరిమేస్తావేం!" అని ఆ చివర్నుంచి ఆవిడ. కుట్టుమిషన్ల దగ్గరున్న వాళ్ళు నవ్వుకునేవాళ్ళు. కొత్తవాటిలో ఆ మాట పడటం మానేసింది. ఎప్పుడు నొక్కితే అప్పుడు తెరుచుకునేది. కొత్త వస్తువు కదా, అడ్డు చెప్పడం తెలీదనుకున్నాం. సంతోషించాం కూడా.

మొదట పోయినవి నా జేబులు.

ఒక బడివాళ్ళు జేబు మీద గుర్తు కుట్టించాలని, వెడల్పు పెంచమన్నారు. సైజులన్నిటికీ పెంచి సేవ్ చేశాను. మర్నాడు చూస్తే పాత జేబులే ఉన్నాయి. సేవ్ చెయ్యడం మరిచిపోయానేమో అనుకుని మళ్ళీ చేశాను. మళ్ళీ పోయాయి.

"అక్కా, నా జేబులు నువ్వేమన్నా కదిపావా?"

"నీ జేబుల్లో నేనెందుకు చెయ్యి పెడతానే?"

గదంతా నవ్వారు. నేనూ నవ్వాను. మూడోసారి పోయినప్పుడు మాత్రం నవ్వు రాలేదు. బావగారు వచ్చి ఫైలు వివరాలు తెరిచి చూశారు. 'చివరిగా సేవ్ చేసినవారు' అన్న చోట అక్క పేరుంది.

"అవును, చంక రౌండు సరిచేసి నేనే సేవ్ చేశా. ఆ జేబులు నేను ముట్టుకుంటే ఒట్టు" అంది అక్క.

"సర్లే, చూసుకుని చెయ్యండి ఇద్దరూ" అని బావగారు వెళ్ళిపోయారు.

కానీ మనసులో ఒక పురుగు దూరింది. అక్క కంప్యూటరు నేర్చుకున్నది ఆలస్యంగా, మామయ్య దగ్గర అట్టలు కోసి కోసి వచ్చినావిడ. నేను కంప్యూటరు మీదే చదువుకుని వచ్చాను. కొత్త బడులవాళ్ళు వస్తే ఈమధ్య మామయ్య ముందుగా నన్నే పిలుస్తున్నారు. ఆవిడకి అది కష్టంగా ఉందేమో, పైకి చెప్పలేక ఇలా చేస్తోందేమో అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది. అయినా ఆ అనుమానం పోలేదు.

అది వంటింట్లో బయటపడింది. కూర తరుగుతూ అక్కే ఎత్తింది.

"ఏంటే, రెండ్రోజుల్నుంచి మొహం అలా పెట్టుకున్నావ్?"

"నా మొహానికేం? చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేస్తుంటే ఎవరి మొహమైనా ఇలాగే ఉంటుంది."

"అంటే నేను చెరిపానంటావా?"

"నేనెక్కడన్నాను? పేరు నీదుందని బావగారన్నారు."

అక్క కత్తి కింద పెట్టింది. "నువ్వొచ్చినప్పట్నుంచీ చూస్తున్నా. నా చేతిలో పని నీ చేతిలోకి లాక్కోవాలనే నీ ఆరాటం. ఇప్పుడు దొంగని కూడా చేస్తున్నావా?"

నేను ఊరుకుని ఉండాల్సింది. ఊరుకోలేకపోయాను. "నీకు ఆ కంప్యూటరు సరిగ్గా చేతకాదక్కా. అది ఒప్పుకోలేక మా మీద పడతావు" అన్నాను.

ఆవిడ చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయింది. మిగిలిన కూర నేను తరిగాను. ఆ సాయంత్రం అన్నాల దగ్గర ఇద్దరం మామూలుగానే వడ్డించాం. మగవాళ్ళకి ఏమీ తెలియలేదు, లేదా తెలియనట్టు తిన్నారు.

సరిగ్గా ఆ తర్వాతే పెద్ద దెబ్బ తగిలింది.

ఊళ్ళోకెల్లా పెద్ద బడి ఒకటి ఉంది. కిందటేడు చొక్కాలు పిల్లలకి చంకల్లో పట్టేస్తున్నాయని ఫిర్యాదొచ్చింది. ఈసారి చంక రౌండు వదులు చెయ్యమని మరీ మరీ చెప్పారు. అక్క ఆ పని ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసింది. ఒక్కో సైజుకీ మామయ్యని పిలిచి చూపించింది. ఆయన తెర మీద వేలు పెట్టి, "ఇక్కడ ఇంకాస్త" అంటే ఇంకాస్త వదిలింది. అదే సమయంలో గదికి ఈ చివర నేను అదే చొక్కా కాలరు మీద ఉన్నాను. ఆవిడ సేవ్ చేసింది. కాసేపటికి నేనూ సేవ్ చేశాను. కటింగ్ మాస్టర్ గుడ్డ పొరలు పొరలుగా పరిచి మిషను వదిలాడు.

కోసిన ముక్కలు కుట్టుమిషన్ల మీదకి వచ్చాక, చొక్కాకి చేతులు అతికించే ఆవిడ ముందుగా పట్టుకుంది. "ఇదేంటి మాస్టారూ, కిందటేడు కొలతలాగే ఉంది?" అంది.

మామయ్య టేపు పెట్టి కొలిచారు. ఇంకో ముక్క తీసి కొలిచారు. ఇంకో సైజుది తీసి కొలిచారు. మెల్లగా టేపు చుట్టి జేబులో వేసుకున్నారు. ఆ తానులన్నీ కోసేశాం. చంక రౌండు చిన్నదైతే పెంచడానికి గుడ్డ ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఈసారి ఎవరూ చెప్పకుండానే బావగారు వెళ్ళి ఫైలు తెరిచారు. చివరిగా సేవ్ చేసినవారు అన్న చోట నా పేరుంది.

మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. అక్క నా వైపు చూసింది. ఆ చూపులో కోపముంటే ఎలాగో తట్టుకునేదాన్ని. 'ఇంత పని చేస్తావా' అన్నట్టు, నేనెవరో ఇప్పుడే తెలిసినట్టు చూసింది.

"నేను కాలరే చేశాను. చంక రౌండు నేను ముట్టుకోలేదు" అన్నాను.

మొన్న అక్క అన్నదీ సరిగ్గా ఇదే మాట. నా నోట్లోంచి వచ్చాక గానీ అది ఎంత చేతకాని మాటో నాకు తెలియలేదు.

"నా మీద కోపముంటే నన్ననాలి. పిల్లల చొక్కాలేం చేశాయి?" అంది అక్క, నెమ్మదిగా. అని పైకి వెళ్ళిపోయింది. మా మధ్య ఏదో జరిగిందని అప్పుడు అందరికీ తెలిసిపోయింది. ముందు ఆవిడ పేరు, తర్వాత మాటామాటా, తర్వాత నా పేరు. ఎవరు చూసినా ఒకటే కథ కనపడుతుంది. నేను బయటిదాన్నై చూస్తే నాకూ అదే కనపడేది.

ఆ రాత్రి మా గదిలో మా ఆయన మంచం అంచున కూర్చుని తన అరచేతులు చూసుకున్నారు.

"ఒకటడుగుతాను, కోప్పడకు."

"అడగండి."

"ఆ ఫైల్లో… పొరపాటున గానీ…"

"పొరపాటునా అని కాదు మీరడగాలనుకుంటున్నది."

"నేనలా అన్లేదు."

"అనండి మరి, ఆ మాట. వింటాను."

ఆయన లేచి, దీపం తీసేయనా అని అడిగారు. తీసేయమన్నాను.

రెండు రోజులయ్యాక మామయ్య నన్ను పిలిచారు. ఆయన నన్నెప్పుడూ గట్టిగా ఒక మాట అన్నవారు కాదు. అప్పుడూ అనలేదు. "కొన్నాళ్ళు పైనే ఉండమ్మా. ఇంటిపని చూసుకో. పెద్ద కోడలు చూసుకుంటుంది కింద. ఈ పని గండం గడవనీ. నీ మీద కోపంతో కాదు."

"మీరు నమ్ముతున్నారా మామయ్యా?" అని అడిగాను.

"నేను నమ్మడం, నమ్మకపోవడం కాదమ్మా. గుడ్డ లేదు" అన్నారు.

నేను పైకి వచ్చేశాను.

అక్కణ్ణుంచి నా పరిస్థితి మరీ ఘోరమైంది. ఎందుకంటే, నేను కింద లేకపోయేసరికి ఏ ఫైలూ పోలేదు. చంక రౌండులు అక్క ఎలా గీస్తే అలా ఉన్నాయి. కాలర్లు ఆవిడే చేసింది, అవీ ఉన్నాయి. బావగారు కొత్త గుడ్డ ఎక్కణ్ణుంచో అరువు తెచ్చారు. మిషను రోజంతా కోస్తూనే ఉంది. ఆ మోత నేల మీద నుంచి నా అరికాళ్ళకి తెలిసేది. అన్నానికి వచ్చినప్పుడు మా ఆయన్ని అడిగేదాన్ని.

"ఇవాళేమైనా పోయిందా?"

"లేదు."

"ఏదీ?"

"ఏదీ పోలేదు" అని ఆయన కంచంలోకి చూసేవారు.

నేను మంచిదాన్నని చెప్పాలంటే కింద ఏదో ఒకటి పాడవ్వాలి. గిన్నె తోముతూ, బట్టలు ఆరేస్తూ, పోవాలి, ఒక్క ఫైలైనా పోవాలి అని నేను కోరుకునేదాన్ని. ఇంటిల్లిపాదీ తినే అన్నం అందులోంచే వస్తుందని తెలిసి కూడా. కొన్నిసార్లు నన్ను నేనే అనుమానించుకున్నాను. కాలరు చేస్తూ చెయ్యి జారి ఎక్కడో నొక్కానేమో? కోపం నాకు తెలియకుండా నా వేలిలోకి దిగిందేమో? ఆ పూట ఏం చేశానో మొదట్నుంచి గుర్తు తెచ్చుకునేదాన్ని. ప్రతిసారీ నేను కాలరే చేశాను. ప్రతిసారీ చివర నా పేరే ఉంది.

పుట్టింటికి వెళ్ళిరానా అని ఒకసారి అడిగాను. "ఇప్పుడు వెళ్తే ఒప్పుకున్నట్టుంటుంది" అన్నారు మా ఆయన. ఉంటే ఒప్పుకున్నట్టు లేదా అని నేను అడగలేదు.

ఒక మధ్యాహ్నం ఆరిన బట్టలు మడతపెడుతున్నాను. మెట్లమీద అడుగుల చప్పుడైంది. అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది. మనిషి బాగా చిక్కిపోయింది, ఇద్దరి పనీ ఒక్కతే చేస్తోందిగా. గుమ్మం చెక్క పట్టుకుని ఉంది.

"ఒకసారి కిందకి వస్తావా?"

"ఎందుకు? నేను రాకుంటేనే అన్నీ బాగున్నాయన్నారుగా."

"రా" అంది. అంతే. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. చేతిలో చొక్కా అక్కడే వదిలేసి వెనకాల దిగాను.

కింద మామయ్య, బావగారు, మా ఆయన అప్పటికే నిలబడి ఉన్నారు. అక్కే పిలిచి ఉంచింది. నన్ను నా కుర్చీలో కూర్చోమంది. తను గది ఆ చివరికి వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది.

"పెద్ద బడి ఫైలు తెరువు."

తెరిచాను.

"నేనూ తెరిచా. నువ్వు జేబు పెద్దది చెయ్యి. ఎంతో కొంత. చేసి సేవ్ చెయ్యి."

చేశాను.

"ఇప్పుడు నేను చంక రౌండు మారుస్తున్నా. సేవ్ చేశా. నువ్వు మూసి మళ్ళీ తెరువు."

తెరిచాను. జేబు పాతదే ఉంది. నా వెనక నిలబడ్డ మామయ్య తెరకి దగ్గరగా వంగారు.

"ఇంకోసారి. ఈసారి ముందు నేను సేవ్ చేస్తా, తర్వాత నువ్వు."

ఈసారి జేబు ఉంది. ఆవిడ చంక రౌండు పోయింది. చివరిగా సేవ్ చేసినవారు అన్న చోట నా పేరుంది.

"పొద్దున నా దగ్గర ఫైలు తెరిచే ఉంచి, దీని కాగితాలన్నీ అక్కడే ఉన్నాయని కాలరు చెయ్యడానికి దీని కంప్యూటరు దగ్గరికి వెళ్ళా. తిరిగొచ్చి నా దాంట్లో సేవ్ చేస్తే అక్కడ చేసిన కాలరంతా పోయింది. చుట్టుపక్కల ఎవరూ లేరు. నేనొక్కదాన్నే" అంది అక్క, ఎవరి వైపూ చూడకుండా. "నమ్మకం కుదరక మళ్ళీ చేసి చూశా. మళ్ళీ పోయింది."

మా ఆయన నన్ను లేవమని నా కుర్చీలో కూర్చున్నారు. మెకానిక్ కొట్టిన వరసని వెతికి పట్టుకున్నారు. కలిపిన చిన్న మాట అక్కడే ఉంది. నోలాక్.

ఆయన చెప్పింది నాకర్థమైనంతవరకూ ఇది. ఒకరు ఫైలు తెరిస్తే పెట్టె దానికి తాళం వెయ్యాలి. రెండోవాళ్ళు వస్తే, ఆగు అని చెప్పాలి. పాత కంప్యూటర్లతో అలాగే జరిగేది. కొత్తవి తాళం అడుగుతుంటే పెట్టెకి అర్థం కావడం లేదు, అది జవాబు చెప్పదు, ఇవి ఎదురుచూస్తూ బిగుసుకుపోతాయి. అందుకని మెకానిక్, తాళం పెట్టెని అడగొద్దు, ఎవరిది వాళ్ళ దగ్గరే వేసుకోండి అని కంప్యూటర్లకి చెప్పేశాడు. అక్క కంప్యూటరు తాళం వేశాననుకుంది. నాదీ వేశాననుకుంది. ఒకరి తాళం సంగతి ఒకరికి తెలియదు. ఆఖరున ఎవరు సేవ్ చేస్తే ఫైలంతా వాళ్ళది.

"మరి సేవ్ అయిందని చెబుతోందిగా, ఇద్దరికీ?" అన్నారు బావగారు.

"అయింది కదన్నయ్యా మరి. ఇద్దరిదీ అయింది" అన్నారు మా ఆయన.

మామయ్య కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడిచారు. "అంటే ఎవరి తప్పూ లేదన్నమాట" అన్నారు.

ఆ మాటకి ఒక్కరి ప్రాణమూ కుదుటపడలేదు. తప్పు ఒకరిదైతే వాళ్ళు ఏడుస్తారు, తిట్లు తింటారు, కాళ్ళు పట్టుకుంటారు, అయిపోతుంది. ఇక్కడ ఎవరు ఎవర్ని పట్టుకోవాలి? వంటింట్లో నేనన్న మాట నేనే అన్నాను. అక్కన్న మాట అక్కే అంది. వాటిని ఏ కంప్యూటరూ మాచేత అనిపించలేదు. పైగా ఆ మాటలు అబద్ధమని కూడా ఇద్దరిలో ఎవరం చెప్పలేం. ఆవిడకి కంప్యూటరు కష్టమన్నది నిజమే. ఆవిడ పని నా చేతిలోకి వస్తుంటే నాకు లోలోపల బాగుండటమూ నిజమే.

మా ఆయన ఆ మాట తీసేసి చూశారు. ఫైలు తెరవగానే తెర బిగిసింది. పెట్టె కూడా బిగుసుకునేసరికి కోసే మిషను మధ్యలో కత్తి గుడ్డలో ఉండగానే ఆగిపోయింది. కటింగ్ మాస్టర్ లబోదిబోమన్నాడు. మళ్ళీ ఆ మాట పెట్టేశారు. మెకానిక్‌కి ఫోన్ చేశారు.

"ఆ పెట్టె మార్చండి సార్, అదొక్కటే దారి" అన్నాడు అటువైపు నుంచి.

"పెట్టె మారిస్తే మిషను పనిచెయ్యదు."

"మిషను కూడా మార్చండి."

"ఈ సంగతి ముందే చెప్పాలిగా నువ్వు?"

"ఫైలు తెరుచుకుంటే చాలన్నారు కదా సార్."

బావగారు తల దించుకున్నారు. ఆ మాటన్నది ఆయనే.

మా ఆయన ఇంకా చాలా ప్రయత్నించారు. ఆ వారమంతా ఆ పెట్టె ముందే గొంతుక్కూర్చున్నారు. పాత కంప్యూటర్లని వెనక్కి తెద్దామని వెళ్తే, అవి ఎప్పుడో ముక్కలై అమ్ముడుపోయాయన్నారు. నాతో మాత్రం ఏమీ మాట్లాడలేదు. ఒకసారి నేను టీ ఇస్తుంటే గ్లాసు అందుకుని, "ఆ రోజు నేను…" అని ఆగారు. "టీ చల్లారిపోతుంది" అన్నాను. తాగారు.

చివరికి రెండే దారులు మిగిలాయి. అందర్నీ కూర్చోబెట్టి చెప్పారాయన.

"ఒకటి, ఎప్పట్లాగే ఒక చొక్కాకి ఒకటే ఫైలు. కానీ పెట్టె కాపలా కాయదు కాబట్టి, మీరిద్దరే చూసుకోవాలి. ఒకరు పూర్తిగా మూసేశానని చెప్పాకే రెండోవాళ్ళు తెరవాలి. ఒక్కసారి మరిచిపోయినా మళ్ళీ అదే గొడవ. రెండోది, ఫైలుని రెండు చెయ్యడం. వదిన ముక్కలు వదిన ఫైల్లో, దీని ముక్కలు దీని ఫైల్లో. ఒకరిది ఒకరు తెరవక్కర్లేదు. కోసే ముందు రెండూ నేను కలుపుతాను."

"ఏది మంచిది?" అన్నారు బావగారు.

"పని బాగా కుదిరేది ఒకే ఫైల్లో. చంక రౌండు మారితే చెయ్యి మారాలి, మెడ మారితే కాలరు మారాలి. ఎదురుగా కనపడుతుంటేనే సుళువు. భయం లేనిది మాత్రం రెండు ఫైళ్ళే."

మామయ్య మా ఇద్దరి వైపూ చూశారు. "చేసేది మీరు. మీరే చెప్పండి. కలిపే ఉంచమంటారా, విడదీయమంటారా?"

అక్క గోడ వైపు చూస్తోంది. నేను నా చేతులకేసి చూసుకుంటున్నాను. కలిపే ఉంచండి అని నా నాలుక చివర దాకా వచ్చింది. కానీ ముందు ఆవిడ అనాలి కదా, పెద్దది. నేను ముందంటే, పై నుంచి దిగీ దిగగానే మళ్ళీ పెత్తనం మొదలుపెట్టిందనుకుంటుందేమో. ఆవిడ ఒక్క మాట అంటే నేను వెంటనే సరేననడానికి సిద్ధంగా ఉన్నాను. ఆవిడ నోరు తెరవబోయినట్టే అనిపించింది. నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. ఎందుకు తిప్పుకున్నానో ఇప్పటికీ చెప్పలేను.

బయట ఎవరో తానులు దింపుతున్నారు, చెయ్యి వెయ్యమని కటింగ్ మాస్టర్ని పిలుస్తున్నారు. ఆ పిలుపు వింటూ అందరం కూర్చున్నాం.

"సరే అయితే, విడదీస్తాను" అన్నారు మా ఆయన.

ఎవరూ వద్దనలేదు.

ఆ వేసవి ఆర్డర్లన్నీ సమయానికే అందించాం. పెద్ద బడివాళ్ళు చొక్కాలు ఈసారి భేషుగ్గా ఉన్నాయని మామయ్యకి కబురు కూడా పంపారు. నేను రోజూ కిందకి దిగి నా కుర్చీలో కూర్చుని నా ఫైలు తెరుచుకుంటాను. గది ఆ చివర అక్క తన ఫైలు తెరుచుకుంటుంది. మెడ కొలత ఏమైనా మారితే ఆవిడ మా ఆయనకి చెబుతుంది, ఆయన వచ్చి నాకు చెబుతారు. అన్నం, నీళ్ళు, జ్వరాలు అన్నిట్లోనూ ఒకరికొకరం సాయం. ఎవరైనా చూస్తే ఎంత పొందికైన ఇల్లో అంటారు. అంటున్నారు కూడా.

ఆ తర్వాత మా కార్ఖానాలో ఒక్క ఫైలూ పోలేదు. అక్క మాత్రం ఇప్పుడు నా గదిలోకి రావాలంటే తలుపు కొట్టి, రమ్మన్నాక వస్తుంది.